కెమెరా వెనక్కి పోయే ముఖం: 16 నెలల బాబు, మూడు షూట్లు

ఇది నా స్టూడియోలో జరిగిన పని కాదు. ఆదివారాలు నా దగ్గర కెమెరా నేర్చుకోవడానికి వచ్చే ఒక అమ్మాయి డబ్బులకి ఒప్పుకున్న మొదటి షూట్. ఒకే బాబు కోసం మూడుసార్లు తిరిగింది. మొదటి రెండుసార్లూ చేతికి దాదాపు ఏమీ రాలేదు. అందులో రెండోసారి తప్పు నాది, రాసి పెట్టుకోవాలనిపించడానికి అదీ ఒక కారణం. ఆ కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను. ఊరు, పేర్లు తీసేశాను, ఒకటి రెండు వివరాలు మార్చాను. బాబు ఫొటో మాత్రం ఒక్కటీ పెట్టడం లేదు. వాళ్ళు వద్దన్నారు. అడిగినప్పుడు నాయనమ్మ ముఖం చూశాక, అసలు అడక్కుండా ఉండాల్సిందనిపించింది.

నేపథ్యం

అమ్మాయికి 26 ఏళ్ళు. నాలుగేళ్ళు కలర్ ల్యాబ్‌లో ఆల్బమ్ డిజైనింగ్ చేసింది. వేల పెళ్ళి ఫొటోలు ఆమె చేతిమీదుగా వెళ్ళాయి. ఏది పేజీకెక్కుతుందో, ఏది పనికిరాదో చూడగానే చెప్పేస్తుంది. కెమెరా పట్టడం మాత్రం కొత్త. సెకండ్‌హ్యాండ్‌లో కెనాన్ 1500డి, దాంతో వచ్చే 18-55 లెన్సు, విడిగా ఒక 50 ఎంఎం ఎఫ్/1.8 కొనుక్కుంది. రాత్రిళ్ళు పెళ్ళిళ్ళకి తిరగడానికి ఇంట్లో ఒప్పుకోరు కాబట్టి చిన్నపిల్లల ఫొటోలే తీస్తానని ముందే తేల్చుకుంది.

ల్యాబ్ అనుభవం ఆమెకి పెద్ద ఆస్తి. దాంతోపాటు ఒక జబ్బు కూడా అంటుకుంది: గ్రెయిన్, అంటే ఫొటోలో ఇసక చల్లినట్టుండే రవ్వలు, కనిపిస్తే ఓర్చుకోలేదు. ఐఎస్‌ఓ అంటే వెలుగు తక్కువైనప్పుడు పెంచుకునే అంకె, పెంచేకొద్దీ గ్రెయిన్ పెరుగుతుంది. దాన్ని 400 దాటించడమంటే ఆమెకి తప్పు చేసినట్టే.

బాబుకి 16 నెలలు. తండ్రి కువైట్‌లో ఉద్యోగం. బాబుకి మూడో నెల ఉండగా వెళ్ళాడు, మళ్ళీ రాలేదు. గోదావరి పక్క పల్లెటూరి ఇంట్లో తల్లి, నాయనమ్మ, తాత. తండ్రి పుట్టినరోజుకి 20 ఫొటోల చిన్న ఆల్బమ్ పంపాలని తల్లి కోరిక. "నవ్వుతా కెమెరాకేసి చూసింది ఒక్కటైనా ఉండాలండి" అని షరతు. ఈ షరతు పెట్టని తల్లిని నేనింకా చూడలేదు.

మొదటి షూట్

టౌన్‌లో గంట లెక్కన అద్దెకిచ్చే ఒక బేబీ స్టూడియో. చందమామ, బుట్ట, థర్మాకోల్ మబ్బులు. ఉదయం 11:30కి స్లాట్. ఫ్లాష్ వెలిగితే పిల్లాడి కళ్ళకి దెబ్బని నాయనమ్మ భయపడితే, వాదన ఎందుకని ఎల్‌ఈడీ లైట్లతోనే కానిచ్చింది. బాబుని బుట్టలో కూర్చోబెట్టారు. తల్లి చప్పట్లు, నాయనమ్మ గాజులు, స్టూడియో కుర్రాడు గిలక, తాత విజిల్. రెండో నిమిషానికే ఏడుపు అందుకున్నాడు.

సాయంత్రం మెమరీ కార్డు నా టేబుల్ మీద పెట్టి, "సార్, నాకు పిల్లలు సరిపడరేమో" అంది. 342 ఫ్రేములు. తను ఇవ్వగలననుకున్నవి 6.

ఇలాంటప్పుడు నేను ముందు కెమెరా ముట్టుకోను, తీసిన వాళ్ళని తిట్టను. చెడిపోయిన ఫొటోలన్నీ కుప్పలు పోయిస్తాను. 'పోయింది' అని ఒకే మాటతో తోసేస్తే ఎందుకు పోయిందో ఎప్పటికీ తెలియదు. మొదటి కుప్ప, పిల్లాడు కదలడం వల్ల చెదిరినవి. రెండోది ఫోకస్ వేరే చోట పడ్డవి. మూడోది అన్నీ బాగుండి ముఖంలో ఏమీ లేనివి, అంటే ఏడుపు, పక్కచూపు, వీపు. మొదటి రెండింటినీ చాలామంది కలిపేస్తారు. వేరు చేయడం కష్టమేమీ కాదు. ఫొటోని వంద శాతానికి పెంచి చూస్తే బుట్ట అల్లికో, చెవో, చొక్కా గుండీయో ఏదో ఒకటి గీత గీసినట్టు స్పష్టంగా ఉండి కళ్ళు మసకగా ఉంటే అది ఫోకస్ తప్పు. కదలని వస్తువులు బాగానే ఉండి చెయ్యీ ముఖమూ మాత్రం ఒక వైపుకి ఈడ్చినట్టుంటే పిల్లాడి కదలిక. బుట్టతో సహా అంతా ఈడ్చినట్టుంటే మన చెయ్యి వణికింది.

గంటన్నర కూర్చుని తనే లెక్క తేల్చింది. కదలిక 121, ఫోకస్ 96, ముఖంలో ఏమీ లేనివి 107, పర్వాలేదనిపించేవి 18.

నేను రాసిన మందు

217 ఫొటోలు టెక్నికల్‌గా పోయాయి, అంటే సగం పైన. కాబట్టి ముందు కెమెరా సరిచేద్దామనుకున్నాను. ఆ ఆలోచన తప్పని ఇప్పటికీ అనను. కాకపోతే అక్కడితో ఆగిపోయాను.

గ్రెయిన్ భయంతో ఐఎస్‌ఓ 400 దగ్గర కట్టేసింది కాబట్టి షట్టర్ 1/60కి పడిపోయింది, అంటే సరిపడా వెలుగు కోసం సెకనులో అరవయ్యో వంతు సేపు తెరిచి ఉండాల్సి వచ్చింది. పిల్లాడు తల గిర్రున తిప్పాడంటే సెకనుకి అర మీటరు వేగం అనుకుందాం. 1/60లో ముఖం 8 మిల్లీమీటర్లు జరిగిపోతుంది. అదే 1/500లో ఒక మిల్లీమీటరు. కాగితం మీద ఈ లెక్క వేసి చూపించాక గానీ ఐఎస్‌ఓ వదలడానికి ఒప్పుకోలేదు. గ్రెయిన్‌ని ల్యాబ్‌లో కొంత తగ్గించుకోవచ్చు, ఈడ్చుకుపోయిన కన్నుని ఎవరూ వెనక్కి తేలేరు. ఆ సంగతి నాకన్నా ఆమెకే బాగా తెలియాలి.

రెండోది ఎఫ్/1.8, అంటే ఆ లెన్సు రంధ్రం పూర్తిగా తెరిచిపెట్టడం. ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. వెనకంతా వెన్నలా కరిగిపోవాలని కొత్తవాళ్ళందరికీ మోజు. ఆ కెమెరా మీద 50 ఎంఎం లెన్సుతో మీటరు దూరంలో ఎఫ్/1.8 పెడితే ముందు నుంచి వెనక్కి స్పష్టంగా ఉండే మందం సుమారు రెండున్నర, మూడు సెంటీమీటర్లు. కూర్చున్న పిల్లాడు ఊపిరి పీల్చి ముందుకి ఊగినా అది దాటిపోతాడు. పైగా ఆమె వన్ షాట్ మోడ్‌లో ఉంది. ఫోకస్ ఒకసారి పట్టి అక్కడే ఆగుతుంది, పిల్లాడు ఆగడు. ఒకటిన్నర మీటర్ల దూరానికి జరిగి ఎఫ్/3.2 పెడితే పదకొండు సెంటీమీటర్ల దాకా మందం వస్తుంది. ఇక ఇలా రాసిచ్చాను: షట్టర్ 1/500, ఎఫ్/3.2, ఆటో ఐఎస్‌ఓ, ఏఐ సర్వో (కదిలేదాని వెంట ఫోకస్ కూడా కదిలే మోడ్), మధ్య ఫోకస్ పాయింట్ (ఫోకస్ పట్టే చుక్క) ఒక్కటే. స్టూడియో వద్దు, వాళ్ళింటికే వెళ్ళమన్నాను. ఏ వేళప్పుడో, ఏ వెలుగులోనో అడగలేదు.

రెండో షూట్

సాయంత్రం ఆరున్నరకి వెళ్ళింది. హాలు, ట్యూబ్‌లైటు స్థానంలో వేసిన ఎల్‌ఈడీ పట్టీలు, ఆకుపచ్చ గోడలు. నా అంకెలు ఆ వెలుగుకి సరిపోవు. ఐఎస్‌ఓ 6400కి పోయినా చీకటే. దానికి తోడు ఫొటోల్లో అడ్డంగా ముదురు చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కో ఊపుకి రెండేసి చొప్పున నాసి రకం ఎల్‌ఈడీ సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. 1/100 కన్నా తక్కువ సమయం తెరిచిన షట్టర్‌కి ఆ మిణుకులో ముక్కే దొరుకుతుంది, ఒక చోట వెలుగు, ఒక చోట నీడ. ఇది పాతికసార్లు అనుభవించినవాణ్ణి, చెప్పడం మర్చిపోయాను. ఇంటి దీపాల కింద 1/500 పెట్టమనడం కొత్తవాళ్ళకి చేసే ద్రోహం.

210 ఫ్రేములు. కదలిక 11, ఫోకస్ 34, ముఖంలో ఏమీ లేనివి 162, మిగిలినవి 3. కుప్పలు పోయించడం ఎందుకు మంచిదో ఇక్కడ తెలిసింది. 'మళ్ళీ పోయింది' అనుకుంటే ఇద్దరం దిగులుపడి వదిలేసేవాళ్ళం. నిజానికి మొదటి రెండు కుప్పలు 217 నుంచి 45కి దిగాయి. అంటే ఈసారి జబ్బు వేరు. చారలు, చీకటి పక్కనపెట్టి చూసినా ఆ 162లో పిల్లాడు ఎక్కడికో చూస్తున్నాడు. ఎక్కువ ఫొటోల్లో తల్లి చేతిలోని ఫోను వైపు.

అతనెందుకు అటు చూస్తున్నాడని అడిగాను. తెలీదంది. అయితే ఒకరోజు కెమెరా లేకుండా వెళ్ళి ఉత్తినే కూర్చుని రమ్మన్నాను. ఆమెకి నచ్చలేదు. బస్సు ఛార్జీలు, ఒక రోజు, ఫొటో లేదు. "వెళ్ళి ఏం చెయ్యాలి సార్?" అంది. టైము రాసుకు రమ్మన్నాను.

కెమెరా లేని రోజు

ఆమె నోట్‌బుక్ పేజీ నా దగ్గరుంది. 6:40 లేచాడు. 7:15 పాలు. 8:00 నూనె, నలుగు, స్నానం, ఏడుపు. 8:30 నిద్ర. 9:25 లేచాడు, చిరాకు. 9:45 అన్నం. 10:05 నుంచి 10:50 వరకు ఎవరి జోలికీ పోలేదు, వంటింటి గిన్నెలు. 12:00 మళ్ళీ నిద్ర. 6:30 నాన్న ఫోను.

చదవగానే నా తల తిరిగింది. మొదటి షూట్ అతని రెండో నిద్రకి అరగంట ముందు, అదీ టౌన్ దాకా ప్రయాణం చేయించి. రెండోది సరిగ్గా నాన్న వీడియో కాల్ వేళకి. పిల్లాడు ఫోను కోసం చూస్తుంటే మేం కెమెరా కేసి చూడమంటున్నాం.

ఆ పేజీ అడుగున ఇంకో మాట రాసింది. బాబుకి ఫోనే నాన్న. ఎవరి చేతిలో ఫోను కనిపించినా "నాన్నా" అంటూ ముఖం తెచ్చి ఆనిస్తాడు. అతనికి తెలిసినంతలో చేతిలో పట్టుకునే నల్ల వస్తువులోంచి ముఖం రావాలి, నవ్వాలి, పలకాలి. కెమెరా దగ్గర అది తిరగబడింది. అప్పటిదాకా ఎదురుగా నవ్విన అక్క ముఖం కాస్తా ఆ నల్ల వస్తువు వెనక్కి పోయింది. మిగిలింది గాజు కన్ను, అది పలకదు. కొత్త ముఖాలంటే బెదిరే వయసు అసలే.

దీనికి ఏం చేద్దామని చాలాసేపు మాట్లాడుకున్నాం. నాకు తోచింది, కెమెరాని కడుపు దగ్గర పట్టుకుని వెనక తెర చూస్తూ తీయమని, ముఖం అడ్డం పడదు కదా. అదీ కుదరలేదు. ఆ కెమెరా తెర తిప్పడానికి రాదు, తెర చూస్తూ తీసేటప్పుడు ఫోకస్ నెమ్మదిగా వెతుక్కుంటుంది. కదిలే పిల్లాడికి వ్యూఫైండర్‌లోంచి, అంటే కెమెరాకి కన్ను ఆనించి, చూడక తప్పదు. స్టూడియోలో ఉన్న ఖరీదైన కెమెరా ఇద్దామా అని ఒక నిమిషం ఆలోచించి మానుకున్నాను. రేపు ఆమె పని చేయాల్సింది తన కెమెరాతోనే.

దారి చూపించింది నాయనమ్మ. అన్నం పెట్టేటప్పుడు ముద్దకీ ముద్దకీ మధ్య కొంగు ముఖం మీదికి లాక్కుని "ఏదీ, నాయనమ్మేదీ?" అంటుందట. వాడు నమలడం ఆపేసి ఆ కొంగునే చూస్తాడు. కొంగు దించగానే నవ్వు, నవ్వుకి నోరు తెరుచుకుంటుంది, ముద్ద లోపలికి. ఇది చెబుతూ చెబుతూ అమ్మాయి మధ్యలో ఆగి, "సార్, కొంగు బదులు కెమెరా అడ్డం పెట్టుకుంటే?" అంది.

ఆ వయసు పిల్లలకి మనిషి చాటుకి పోయినా అక్కడే ఉందని తెలుసు, అందుకే ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపు సూటిగా లెన్సులోకే పడుతుంది. తల్లి అడిగిన చూపు అదే. నవ్వు ఒక్కటే అనుమానం. ముఖం బయటికి వచ్చాక నవ్వుతాడు, అప్పటికి కెమెరా కిందికి దిగిపోయి ఉంటుంది. చేసి చూస్తే గానీ తెలియదనుకున్నాం.

మూడో షూట్

చోటు, వెలుగు ముందు తేల్చుకుంది. ఇంటికి పడమటి వరండా. పొద్దున ఎండ పడదు, ఆకాశం వెలుగు మెత్తగా లోపలికి వస్తుంది. ఎదురుగా కొబ్బరి తోట, ఆ పచ్చదనం బుగ్గల మీదికి దిగుతుంది. తాతగారి ఉతికిన తెల్ల పంచె ఒకటి అడిగి బాబు ముందు నేల మీద పరిచింది. వెలుగు కిందనుంచి తెల్లగా తిరిగి ముఖం మీద పడి, కళ్ళ కింద నీడా తగ్గింది, పచ్చదనమూ తగ్గింది. వేల రూపాయల రిఫ్లెక్టర్ చేసే పని అదే.

పిల్లాడు నిద్రలో ఉండగానే తాతని ఆ చోట కూర్చోబెట్టి ట్రయల్ తీసింది. 1/500, ఎఫ్/3.2కి ఐఎస్‌ఓ 640 నుంచి 1250 మధ్య వచ్చింది. ఇక ఆ అంకెలు ముట్టుకోకూడదని నా షరతు. పిల్లాడు ఎదురుగా ఉన్నప్పుడు డయల్ తిప్పుతూ కూర్చుంటే చూడాల్సిందంతా దాటిపోతుంది.

ఇంకో షరతు, ఎవరూ పిలవకూడదు. చప్పట్లు లేవు, గాజులు లేవు. నలుగురు నాలుగు వైపుల పిలిస్తే పిల్లాడు నాలుగు వైపుల చూస్తాడు. వరండా అంచు రెండడుగుల ఎత్తు కాబట్టి తల్లిని ఆ వైపు చేయందేంత దూరంలో కూర్చోబెట్టింది. అది ఫొటో కోసం కాదు. ఆల్బమ్ ఏమైనా సరే, ఆ చెయ్యి అక్కడ ఉండి తీరాలి.

10:05కి గిన్నెలొచ్చాయి. స్టీలు గిన్నె, మూత, పప్పుగుత్తి. చింతగింజలు, బఠాణీల్లాంటివి వద్దని ముందే చెప్పాను, నోట్లో పెట్టుకునే వయసు. ఆమె చాప మీద బోర్లా పడుకుంది, కెమెరా పక్కన పెట్టుకుంది, లెన్సు మూత తీయలేదు. పదిహేను నిమిషాలు అంతే. ఈ మధ్యలో బాబు వచ్చి కెమెరా పట్టీ నమిలాడు, బటన్ నొక్కాడు, టక్‌మంటే అదిరి నాయనమ్మ వైపు చూశాడు, మళ్ళీ నొక్కాడు. తర్వాత విసుగుపుట్టి గిన్నెల దగ్గరికి పోయాడు. ఆ విసుగు కోసమే ఆగమన్నాను.

అప్పుడు కెమెరా ఎత్తి ముఖం చాటు చేసుకుంది. "అక్కేదీ?" దించింది, "బూ". మొదటిసారి ఊరికే చూశాడు. రెండోసారికి గిన్నె వదిలేశాడు. మూడోసారి, నాలుగోసారి దించాకే నవ్వాడు. ఐదోసారి ఆమె ఇంకా కెమెరా వెనకే ఉంది, వాడు ముందే మొదలుపెట్టాడు. పెదాలు బిగపట్టి, భుజాలు చెవుల దాకా ఎత్తి, రాబోయే ముఖం కోసం ఆగలేక నవ్వు. ఆ కెమెరా సెకనుకి 3 ఫ్రేములు తీస్తుంది. ఆ ఒక్క సెకనులో పడిన మూడూ బాగున్నాయి. మా అనుమానానికి జవాబు అదే: నాలుగుసార్లు వృథా అయితే గానీ ఐదోది రాదు.

ఆట కూడా పది, పన్నెండుసార్లకి పాతబడింది. ఆమె ఆపేసింది, బలవంతం చేయలేదు. మిగతా ఫొటోలు గిన్నెలవే. మూతలో తన ముఖం చూసుకోవడం, పప్పుగుత్తితో తాత మోకాలి మీద కొట్టడం. 10:45కి కళ్ళు నులుముకోవడం మొదలుపెట్టాడు. ఇంకా అయిదు నిమిషాలుందని తల్లి అన్నా కెమెరా సర్దేసింది.

ఫలితం, మిగిలిపోయినవి

186 ఫ్రేములు. కదలిక 14, ఫోకస్ 31, ముఖంలో ఏమీ లేనివి 88, బాగున్నవి 53. అడిగింది 20, ఇచ్చింది 24.

ఫోకస్ కుప్ప చూడండి. రెండోసారి 34, ఇప్పుడు 31. దాదాపు తగ్గలేదు. మధ్య పాయింట్‌తో కన్ను పట్టి, తర్వాత ఫ్రేము సర్దడానికి కెమెరా పక్కకి జరుపుతోంది. సర్వో మోడ్‌లో అలా జరిపితే ఫోకస్ కూడా జరిగిపోయి వెనక గోడ మీద పడుతుంది. ఆ కెమెరాకి 9 ఫోకస్ పాయింట్లే ఉన్నా, కన్ను ఉన్న వైపు పాయింట్ ఎంచుకోవడం ఆమెకి ఇంకా చేతి అలవాటు కాలేదు. రెండు నెలలుగా వీధిలో కోళ్ళ మీద అభ్యాసం చేస్తోంది, నిజంగానే. పరిగెత్తే పిల్లల పని ఇప్పుడే ఒప్పుకోవద్దన్నాను. పుట్టినరోజు ఫంక్షన్‌కి కూడా ఈ పద్ధతి పనికిరాదు. యాభైమంది మధ్య పదిహేను నిమిషాలు చాప మీద ఎవరు పడుకోనిస్తారు?

నా వైపు నుంచి మారింది ఒక్కటి. ఎవరికైనా అంకెలు రాసిచ్చే ముందు ఎన్నింటికి వెళ్తున్నావు, ఏ వెలుగు, పిల్లాడు ఎప్పుడు పడుకుంటాడు అని మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. సగం సార్లు జవాబు తెలియదంటారు. అప్పుడు అంకెలివ్వను.

ఆల్బమ్ ప్రూఫ్ చూపించడానికి వెళ్ళిన రోజు చిన్న గొడవైంది. తల్లికి అన్నీ నచ్చాయి. నాయనమ్మ ఆ ఐదోసారి నవ్వు ఫొటో దగ్గర ఆగి, కళ్ళజోడు పెట్టుకుని, "అమ్మాయ్, మావాడి బుగ్గ మీద చుక్కేదీ?" అంది. ఆ రోజు దిష్టిచుక్క చెమటకి చెదిరి బుగ్గంతా అలుక్కుంది. పక్కన ఒక మెతుకు అంటుకుని ఉంది. మన డిజైనరమ్మ రాత్రి రెండింటి దాకా కూర్చుని రెండూ శుభ్రంగా తుడిచేసింది. మర్నాడు ఒరిజినల్ ఫైలు తీసి, చుక్కతో, మెతుకుతో సహా మళ్ళీ ప్రింటు వేయించింది. కువైట్ వెళ్ళింది ఆ కాపీయే.